ఆ జాబితా మన చేతిలో లేదు

రక్షణ, అంటే పాపం నుంచి విడుదల, పొందేవాళ్లెవరో దేవుడు ముందే ఏర్పరచుకున్నాడా, లేక ఆయన అందరినీ పిలుస్తుంటే పలకడమో మానడమో మనిషి చేతిలో ఉందా? బైబిల్ స్టడీలో ఎవరైనా ఈ ప్రశ్న ఎత్తారంటే ఇక ఆ పూటకు అసలు పాఠం సాగదు. ఒకరు రోమా పత్రిక తొమ్మిదో అధ్యాయం తీస్తారు: ‘యాకోబును ప్రేమించితిని, ఏశావును ద్వేషించితిని.’ ఇంకొకరు తిమోతికి రాసిన మొదటి పత్రిక తీస్తారు. మనుషులందరూ రక్షణ పొందాలన్నదే దేవుని కోరిక అని రెండో అధ్యాయంలో స్పష్టంగా ఉంది. ఇద్దరి చేతిలోనూ వాక్యం ఉంది కాబట్టే పదహారు వందల ఏళ్లుగా ఈ పేచీ తెగలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ‘దేవుడు నన్ను ఏర్పరచుకున్నాడు’ అన్నది విశ్వాసి తన బతుకును వెనక్కి తిరిగి చూసుకుని కృతజ్ఞతతో అనుకోవాల్సిన మాట. పక్కవాడి పేరు జాబితాలో ఉందో లేదో తేల్చడానికి దాన్ని వాడటం మొదలుపెడితే, సిద్ధాంతం ఎంత సరైనదైనా కొట్లాటకే పనికొస్తుంది.

క్రైస్తవులు కాని పాఠకులకు ఇది మరీ తెలియని గొడవేం కాదు. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అంటూ శ్రీవైష్ణవులు వాదించుకున్నదీ దాదాపు ఇదే. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి. పిల్లికూననైతే తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. క్రైస్తవుల చర్చలో మరో మెలిక ఉంది: తల్లి కొన్ని కూనలనే ఎత్తుకుని మిగతావాటిని వదిలేస్తుందా? అసలు మంట అక్కడే.

పాత చరిత్ర క్లుప్తంగా. మనిషి తన ప్రయత్నంతో మంచివాడు కాగలడన్న పెలేగియస్ అనే బోధకుడి మాటను 418లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో జరిగిన సంఘ సభ ఖండించింది. అక్కడ గెలిచింది కృప గురించి బిషప్ అగస్టీన్ చెప్పిన వాదన. కానీ ఆయన చెప్పిన ముందస్తు నిర్ణయాన్ని సంఘమంతా పూర్తిగా మింగలేదు. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలైతే ఆ దారిలో నడవనేలేదు. కాథలిక్కుల్లో డొమినికన్లు, జెస్యూట్లు అనే రెండు మత సంఘాలవాళ్లు ఇదే విషయం మీద ఏళ్ల తరబడి పోట్లాడుకుంటే, 1607లో పోప్ ఐదో పాల్ ఏ పక్షమూ తప్పని చెప్పకుండానే విచారణ ముగించి, ఒకరినొకరు నిందించుకోవద్దని ఆదేశించాడు. తీర్పు చెప్పకపోవడం చేతగానితనంగా అనిపించవచ్చు. నాకైతే ఈ కథ మొత్తంలో తెలివైన పనుల్లో అదొకటి.

ప్రొటెస్టెంట్లకు ఆ ఓపిక లేకపోయింది. దేవుని పిలుపుకు పలకడమో మానడమో మనిషి చేతిలో ఉందన్న డచ్ బోధకుడు అర్మీనియస్ 1609లో చనిపోయాడు. మరుసటి ఏడాది ఆయన అనుచరులు ఐదు అంశాలతో తమ వాదన వినిపించారు. దానికి జవాబుగా 1618 నవంబరు నుంచి 1619 మే వరకు నెదర్లాండ్స్‌లోని డార్ట్ పట్టణంలో సభ జరిగింది. ఇవాళ అందరూ వల్లించే ‘కాల్వినిజం ఐదు సూత్రాలు’ ఆ సభ తీర్మానాల నుంచి వచ్చినవే. రక్షణ పొందేవాళ్లను దేవుడే ముందు ఏర్పరచుకున్నాడని బోధించిన సంస్కర్త కాల్విన్ 1564లోనే పోయాడు. అంటే ఎవరి పేర్లు పెట్టుకుని ఇప్పటికీ తగాదా పడుతున్నామో, ఆ ఇద్దరూ ఆ సభ చూడలేదు. సభ నడిచింది దైవశాస్త్రం మీదే కాదు, రాజకీయం మీద కూడా. సభ ముగుస్తున్న రోజుల్లోనే, అర్మీనియన్లకు కొమ్ముకాసిన ఓల్డెన్‌బార్నెవెల్ట్ అనే డెబ్బై ఒక్కేళ్ల రాజనీతిజ్ఞుడికి రాజద్రోహం పేరిట తల నరికారు. దాదాపు 200 మంది బోధకుల పదవులు పోయాయి. జాబితా మనుషుల చేతికొస్తే ఏమవుతుందో దీన్ని బట్టే తెలుస్తుంది.

అయితే అదే డార్ట్ తీర్మానాల్లో, మొదటి భాగం పదిహేడో అంశంలో, పసితనంలోనే బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల గురించి రాశారు. దైవభక్తిగల తల్లిదండ్రులు తమ బిడ్డల ఏర్పాటును (అంటే దేవుడు వాళ్లను ఏర్పరచుకోవడాన్ని), రక్షణను సందేహించకూడదని. కఠినులని పేరుపడినవాళ్లు అక్కడ ఆగి, ఏడుస్తున్న తల్లిని చూశారు. కాల్విన్ కూడా అంతే. 1559 నాటి తన పెద్ద గ్రంథంలో ఏర్పాటు సిద్ధాంతాన్ని మొదట్లో పెట్టలేదు. విశ్వాసం గురించి, ప్రార్థన గురించి రాశాకే దానికొచ్చాడు. ‘నేను ఏర్పరచబడ్డానా?’ అని టెన్షన్ పడేవాడు దేవుని రహస్యాల్లోకి తొంగిచూడకుండా క్రీస్తును చూడాలి, ఏర్పాటుకు అద్దం ఆయనే అన్నాడు. కాల్విన్ పేరు చెప్పుకుని ఎదుటివాళ్లను భయపెట్టేవాళ్లు ఈ పేజీలు చదివితే బాగుండు.

అలాగని నేను కాల్విన్ పక్షం కాదు. దేవుడు కొందరిని నాశనానికే నిర్ణయించాడన్న మాట నాకు మింగుడుపడదు. ఆ శాసనం భయంకరమైనదని కాల్విన్ తానే ఒప్పుకున్నాడు. 1739 నాటి ప్రసంగంలో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ ఇంకా ఘాటుగా, ఈ బోధ దేవుణ్ణి సాతానుకంటే చెడ్డవాడిగా చూపిస్తుందన్నాడు. రోమా పత్రికను కూడా తొమ్మిదో అధ్యాయం దగ్గరే మూసేయకూడదు. పౌలు అక్కడ మొదలుపెట్టిన వాదన పదకొండో అధ్యాయం చివరిదాకా సాగుతుంది. అందరినీ కరుణించడానికే దేవుడు అందరినీ అవిధేయతలో మూసివేశాడన్న ముగింపు అక్కడుంది. అబ్రాహామును పిలిచింది కూడా అతని ద్వారా భూమ్మీది వంశాలన్నీ దీవెన పొందడానికే కదా. ఇరవయ్యో శతాబ్దంలో కార్ల్ బార్త్ అనే స్విస్ దైవశాస్త్రజ్ఞుడు, దేవుడు ముందుగా ఏర్పరచుకున్నది క్రీస్తునే అంటూ చర్చను మరో తోవ పట్టించాడు. నాకు నచ్చింది. అలాగైతే చివరికి అందరూ రక్షణ పొందుతారా అని అడిగితే ఆయన సూటిగా తేల్చి చెప్పలేదు గానీ.

మా అర్మీనియన్ పక్షానికీ చిల్లు ఉంది. ఎవరు నమ్ముతారో దేవుడు ముందే ఎరిగి వాళ్లను ఏర్పరచుకున్నాడని అర్మీనియన్లు అంటారు. మరి నమ్మరని ముందే తెలిసినవాళ్లను సృష్టించడం ఎందుకు? దీనికి తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లను నేను నమ్మను. దేవుడే ఏర్పరచుకుంటాడని నమ్మితే సువార్త చెప్పాల్సిన పనేముంది అన్న మా ఎత్తిపొడుపు కూడా చరిత్ర ముందు నిలవదు. ఆరుబయట వేలమందికి ప్రసంగించిన ఇంగ్లిష్ బోధకుడు విట్‌ఫీల్డ్ కాల్వినిస్టు. 1793లో బెంగాల్‌లో దిగిన మిషనరీ విలియం కేరీ కూడా కాల్వినిస్టే. వెస్లీ, విట్‌ఫీల్డ్ ఈ విషయంలో బహిరంగంగానే తగువుపడ్డారు. అయినా 1770లో విట్‌ఫీల్డ్ పోయినప్పుడు లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీయే.

1784లో మరో సంభాషణ జరిగింది. ఇంగ్లిష్ యువ బోధకుడు చార్లెస్ సిమియన్‌కు పాతికేళ్లు, వెస్లీకి ఎనభై ఒకటి. మిమ్మల్ని అర్మీనియన్ అంటారు, నన్ను కాల్వినిస్టు అంటారు, కాబట్టి మనం కత్తులు దూయాలేమో అని మొదలుపెట్టాడు సిమియన్. దేవుడే మీ మనసులో పుట్టించకపోతే ఆయనవైపు తిరగాలన్న తలంపైనా మీకు వచ్చేదా అని అడిగాడు. రాదన్నాడు వెస్లీ. మీ క్రియలతో రక్షణ వస్తుందా? రాదు, క్రీస్తు ద్వారానే. తల్లి చేతుల్లోని బిడ్డలా దేవుడే మిమ్మల్ని నిలబెట్టాలా? అవును, పూర్తిగా. అయితే నా కత్తి ఒరలో పెట్టేస్తాను, నా కాల్వినిజం అంతా ఇదే అన్నాడు సిమియన్.

గమనించారా, ఆ ప్రశ్నలన్నీ వెస్లీ తన గురించి తాను చెప్పుకోవాల్సినవే. వదిలేయబడ్డవాళ్ల సంగతేమిటని సిమియన్ అడగలేదు. అడిగి ఉంటే కత్తులు మళ్లీ బయటికొచ్చేవి, అనుమానం లేదు. ఆ భేదం నిజమైనదే, నవ్వి సర్దేసుకునేది కాదు. కానీ ఇద్దరూ ప్రార్థనకు కూర్చున్నప్పుడు ఏం చేస్తారో చూడండి. తన తమ్ముడి కోసం ప్రార్థించే అర్మీనియన్ ‘ప్రభువా, వాడి మనసు మార్చు’ అంటాడు. ‘వాడి ఇష్టానికి అడ్డురాకుండా కాస్త సలహా ఇచ్చి చూడు’ అనడు. కాల్వినిస్టు కూడా తన తమ్ముడు జాబితాలో ఉన్నాడో లేడో తెలిశాకే మోకరిస్తానని ఆగడు.