మూస్‌ను తెచ్చినవాళ్లే అడవినీ కాపాడాలి

కెనడా తూర్పు కొసన, అట్లాంటిక్‌లో ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దీవిలో ఒకప్పుడు మూస్ అనే జంతువే లేదు. దుప్పి జాతులన్నిటిలోకీ పెద్దదైన దీన్ని వేటకూ మాంసానికీ పనికొస్తుందని 1878లోనూ, 1904లోనూ మనుషులే తెచ్చి వదిలారు. రెండోసారి వచ్చినవి నాలుగే నాలుగు. ఇప్పుడు సుమారు లక్ష ఉన్నాయి. వాటిని అదుపులో పెట్టగలిగిన తోడేళ్లు 1930 ప్రాంతానికే ఆ దీవిలో అంతరించిపోయాయి.

పశ్చిమ తీరంలోని గ్రోస్ మోర్న్ నేషనల్ పార్కులో 2011 నుంచి మూస్ వేటకు అనుమతిస్తున్నారు. నేషనల్ పార్కులో తుపాకులేమిటని బాధపడేవాళ్లున్నారు. జంతువుల మీద ప్రేమతోనే అంటున్న మాట అది, కొట్టిపారేయలేం. కానీ అక్కడి అడవిలో మూస్ రాకుండా కంచె వేసిన చోట ఒకసారి చూడాలి. లోపల బాల్సమ్ ఫర్ అనే సూదాకుల చెట్టు మొక్కలు గుబురుగా పైకి లేస్తాయి. బయట అవే మొక్కలు ఏళ్లు గడిచినా మోకాలెత్తు దాటవు. చలికాలంలో మూస్‌కు తిండి ఆ చివళ్లే. గతంలో బడ్‌వార్మ్ పురుగు పెద్ద చెట్లను చంపేసింది. పురుగు పడటం, పిల్లమొక్కలు లేచి ఆ ఖాళీ పూడ్చడం అక్కడి అడవికి కొత్త కాదు. ఈసారి ఆ పిల్లమొక్కలే మిగల్లేదు. అడవి ఉండాల్సిన చోట గడ్డి పరుచుకుంది. దట్టమైన చెట్ల మధ్యే బతికే పక్షులు ఎక్కడికి పోవాలి? వేట మొదలయ్యాక మొక్కలు మళ్లీ తేరుకుంటున్నాయి. అందుకే అది కొనసాగాలన్నది మా అభిప్రాయం.

రోడ్ల సంగతి వేరు. అక్కడ ప్రభుత్వం చేయాల్సింది చాలా ఉంది. ఏటా వందల వాహనాలు మూస్‌ను గుద్దుకుంటున్నాయి. ముదురు రంగు ఒళ్లు రాత్రిపూట కనబడదు. పొడుగు కాళ్లకు కారు తగిలితే 400 కిలోల శరీరం నేరుగా అద్దం మీద పడుతుంది. బాధితులు ప్రభుత్వం మీద కోర్టుకెక్కినా 2014లో తీర్పు వాళ్లకు వ్యతిరేకంగా వచ్చింది. కోర్టులో గెలిచినంత మాత్రాన ప్రభుత్వం చేతులు దులుపుకోకూడదు. ప్రమాదాలు ఎక్కువగా జరిగే చోట్ల కంచెలు వేయాలి, రోడ్డు పక్క పొదలు ఏటా కొట్టించాలి.

మన అండమాన్‌దీ ఇదే కథ. బ్రిటిష్ కాలంలో తెచ్చి వదిలిన చుక్కల దుప్పులు, పులి లేని ఆ దీవుల్లో మొలకెత్తిన మొక్కనల్లా తినేస్తున్నాయి. అక్కడి అధికారులు కూడా అడవిలో కంచెలు కట్టి, లోపలా బయటా ఎన్ని మొక్కలు బతుకుతున్నాయో లెక్కగట్టి ఆ వివరాలు జనం ముందు పెట్టాలి.