మురీ మిక్చర్ ఆరోగ్య విధానం

సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర గట్టు మీద కూర్చుని దేశాన్ని బాగుచేసే సంఘం మాది. నలుగురం. అందరం రిటైరైనవాళ్లమే, కాబట్టి అర్హతలకు లోటు లేదు. ఈ వారం అజెండా జాతీయ ఆరోగ్య విధానం. ప్రపంచంలో మంచివన్నీ ఏరి కలిపేద్దామని తీర్మానించాం.

ముందు బ్రిటన్. 1948 నుంచి అక్కడ వైద్యం చాలావరకు పన్నుల డబ్బుతోనే నడుస్తోంది. "మరి నెలల తరబడి క్యూలటగా?" అన్నాడు మాలో పోర్టులో రిటైరైనాయన. ఇక్కడి సర్కారు పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఓపీ చూసినవాళ్లం, క్యూకి భయపడతామా? పాస్.

జర్మనీది 1883 నాటి బిస్మార్క్ పద్ధతి, జీతంలోంచి కోత. మన ఉద్యోగుల బీమా, ఈఎస్ఐ, దాని చుట్టమే. కాకపోతే మనది ఇంకాస్త సూక్ష్మం: ఇంక్రిమెంటు వచ్చి జీతం 21 వేలు దాటిందో, కొన్నాళ్లకి కార్డు పోతుంది. ఆరోగ్యం సంగతెలా ఉన్నా జీతం పెరగకుండా జాగ్రత్తపడాలి.

సింగపూర్ వాళ్లు 1984లో ఎవరి వైద్యానికి వాళ్లే పొదుపు చేసుకునే ఖాతా కనిపెట్టారట. మా ఆవిడ పోపులడబ్బా అంతకంటే పాతది.

అమెరికా నుంచి ఏం తెచ్చుకోవాలో తేలలేదు. ఇన్సూరెన్స్ వాళ్ల అప్రూవల్ కోసం కాచుకునే పద్ధతి మనకి ఎలాగూ వచ్చేసింది. పోయినేడు మా బావమరిదిని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో పొద్దున్న పదింటికి డిశ్చార్జి అన్నారు. క్యాష్‌లెస్ కదా, మెయిల్ రావాలి. సంచీ సర్దుకుని, చెప్పులు తొడుక్కుని, మంచం అంచున రాత్రి తొమ్మిదిదాకా కూర్చున్నాడు. గ్లౌజులు, దూది పాలసీలోకి రావట, వాటికి నోట్లే లెక్కపెట్టాం.

అసలు విదేశాలెందుకు? విశాఖలో పోర్టుకో ఆసుపత్రి, రైల్వేకో ఆసుపత్రి, నేవీకి కళ్యాణి, స్టీల్‌ప్లాంటుకి వేరే. జ్వరం అందరికీ ఒకటే, గేట్లే వేరు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీకి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది. కార్డున్నవాళ్లు మాత్రం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటున్నారు, పాపం అప్‌డేట్ కాలేదు.

తీర్మానం రాస్తుండగా మురీ మిక్చర్ అబ్బాయి పొట్లాలు చేతికిచ్చి, "బాబూ, వారం నుంచి కాలు వాచిపోనాది. ఏ ఆసుపత్రికెళ్లమంటారు?" అన్నాడు.

నలుగురం ఒక్కసారే అడిగాం.

"నీది ఏ కార్డు?"