టీబీ వచ్చినోళ్ళకి సలహాలు కాదు, తిండి ఇవ్వండి

ఒళ్ళు మండిపోతోంది, అందుకే రాస్తున్నా. మా కింద పోర్షన్‌లో సెంట్రింగ్ పని చేసే అబ్బాయి ఉంటాడు, టీబీ అని తేలింది, మందుల కోసం పొద్దున ఆసుపత్రికి నేనే తోడెళ్ళా. బరువు చూస్తే 41 కేజీలు. ఆ బరువుకి రోజుకి మూడు మాత్రలు అని కార్డు మీద రాసిచ్చారు, బానే ఉంది. తర్వాత తలెత్తి మనిషిని చూడకుండానే "బలమైన తిండి తినాలి, పాలు, గుడ్లు, పళ్ళు" అన్నారు. టీబీ వాళ్ళకి ప్రభుత్వం తిండి కోసం ఇచ్చే పోషణ డబ్బులు ఇంకా పడలేదండీ అంటే "ఆధార్ లింక్ అవ్వలేదు, బ్యాంకులో కనుక్కోండి" అని, తర్వాతి వాళ్ళని పిలిచేశారు.

దగ్గుతో పని మానేసి ఇంట్లో పడున్నవాడికి పాలు గుడ్లు ఎక్కణ్ణుంచి వస్తాయండీ? మాత్రలు పని చేయడం మొదలెట్టాక ఆకలి విపరీతంగా వేస్తుంది, ఆ ఆకలికి ఏం పెట్టాలో వాళ్ళావిడకి తెలీక చారు నీళ్ళన్నం పెడుతోంది.

టీబీకి తిండి కూడా మందేనండీ. జార్ఖండ్‌లో రేషన్స్ అని పెద్ద స్టడీ జరిగింది, మంగళూరు యెనెపోయ మెడికల్ కాలేజీలో పనిచేసే డాక్టర్ అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ వాళ్ళు చేశారు, 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 2,800 మంది పేషెంట్లు, వాళ్ళ ఇళ్ళల్లో పదివేల మందికి పైగా జనం. పేషెంట్లందరికీ నెలకి 10 కేజీల సరుకులు ఇచ్చారు, బియ్యం, వేయించిన శనగల పిండి, పాలపొడి, నూనె. కొన్ని ఇళ్ళల్లో మిగతావాళ్ళకి కూడా తలా 5 కేజీల బియ్యం, కేజీన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఇంటిల్లిపాదికీ తిండి అందిన చోట కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది, టెస్టుల్లో తేలిన ఊపిరితిత్తుల టీబీ అయితే 48 శాతం! మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన పేషెంట్లకి చావు ముప్పు 60 శాతం దాకా తగ్గింది. బియ్యం పప్పులతో! కొత్త వ్యాక్సిన్ రావాలి, ట్రయల్స్ జరుగుతున్నాయి, నేనూ ఎదురుచూస్తున్నా, కానీ అది వచ్చేదాకా కిరాణా కొట్లో దొరికేది ఇవ్వడానికేం అడ్డం?

ఆ పోషణ డబ్బులిచ్చే నిక్షయ్ పోషణ్ పథకం కింద 2018లో నెలకి 500 అన్నారు, 2024 నవంబర్ నుంచి వెయ్యి చేశారు. పెంచడం మంచిదే. కానీ రోజుకి లెక్కేస్తే 33 రూపాయలు, అర లీటర్ పాల ప్యాకెట్‌కి సరిపోతుంది. ఆ వెయ్యి కూడా మందులు అయిపోవచ్చాక పడితే దేనికి? కావాల్సింది మొదటి రెండు నెలల్లో కదా. ఇక సరుకుల బుట్ట ఇస్తూ పేషెంటుని పక్కన నిలబెట్టి ఫొటో తీసి పెట్టేవాళ్ళకి చెప్తున్నా, దయచేసి మానండి. ఆ ఫొటో చూసి ఓనర్ ఇల్లు ఖాళీ చేయమంటే ఎవరు దిక్కు?

మా పిన్ని సంగతి చెప్తే గానీ నా కోపం ఎక్కడిదో మీకర్థం కాదు. పెళ్ళైన కొత్తలో టీబీ వచ్చింది తనకి. అత్తారింట్లో సొట్టపడ్డ స్టీలు కంచం, ఒక గ్లాసు విడిగా నూతి గట్టు మీద పెట్టారు. అందరూ తిన్నాక మిగిలింది అందులో వేసేవాళ్ళు. గుడ్డు తనదాకా వచ్చేదే కాదు. కంచాల వల్ల అంటదు టీబీ, దగ్గినప్పుడు గాలిలోంచి వస్తుంది. ఆసుపత్రిలో ఉంచినా, ఇంట్లోనే ఉంచి మందులిచ్చినా ఒకేలా నయమవుతుందని, ఇంట్లోవాళ్ళకి అదనంగా ముప్పేం లేదని 1959-60 నాటికే మన పక్కన మద్రాసులో స్టడీ చేసి తేల్చారు. మా పిన్నికి వచ్చింది ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి! అయినా బలం కావాల్సిన మనిషికి ఇంట్లో అందరికంటే తక్కువ పెట్టారు.

పిన్నికి పూర్తిగా తగ్గిపోయింది, ఇద్దరు పిల్లల్ని పెంచింది. మొన్న వాళ్ళమ్మాయికి సంబంధాలు చూస్తుంటే ఆ ఇంటి పెద్దలే మళ్ళీ "టీబీ మాట బయటికి రానీకండి" అంటున్నారు. ఎందుకు రానివ్వకూడదు? జబ్బు చేసింది, మందులు వాడింది, తగ్గింది, ఇందులో దాచాల్సిందేముంది? చూపుల్లో ఎవరైనా అడిగితే నేనే చెప్తా, ఆ కంచం సంగతితో సహా.