బెంజ్ సర్కిల్ సిద్ధాంతం

2024 అక్టోబరు 22 రాత్రి పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు కట్టాయి. ఐదు గిన్నిస్ రికార్డులు వచ్చాయి. విజయవాడ అంతా మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి చూసింది. సంతోషమే. కానీ అసలు వింత ఆ రాత్రి తల దించి రోడ్డు చూసినవాడికే దక్కిందని నా మనవి.

సాధారణంగా ఇలాంటి ప్రదర్శనల్లో ఏ డ్రోను ఏ క్షణాన ఎక్కడ ఉండాలో నేల మీది కంప్యూటర్ ముందే రాసి పెడుతుంది. పక్క డ్రోనుతో మాటా మంతీ ఉండవు. దీన్ని సమన్వయం అంటే బట్టీ పట్టి అప్పగించిన పద్యాన్ని కవిత్వం అన్నట్టే.

పెత్తందారు లేకుండా, ఎవరికి వారు చుట్టుపక్కల వాళ్లను మాత్రమే చూసుకుంటూ, మంద మొత్తం ఒక దారికి రావడమే గుంపులు ఎలా కలిసి నడుస్తాయో చెప్పే శాస్త్రంలోని అసలు చిక్కు. 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే కంప్యూటర్ నిపుణుడు కంప్యూటర్లోని పక్షుల గుంపుకు మూడే సూత్రాలు పెట్టాడు: పక్కవాణ్ణి గుద్దకు, పక్కవాడు పోయే దిక్కుకే పో, గుంపును వదలకు. మా షేర్ ఆటో డ్రైవర్లు ఏ కాలేజీ గడప తొక్కకుండానే వీటిలో చివరి రెండూ తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. మొదటిది పరిశీలనలో ఉంది.

ఇక ఈ శాస్త్రంలో తరచూ వినబడే నాన్‌లీనియర్ అన్న మాట. మన భాషలో వంకర. ఒకసారి హారన్ కొడితే ముందు బండి అడుగు జరిగిందనుకోండి, రెండుసార్లు కొడితే రెండడుగులు జరగాలి. అది సరళ వ్యవస్థ. బందరు రోడ్డు మీద రెండోసారి కొడితే ముందాయన బండి ఆపేసి, తాపీగా వెనక్కి తిరిగి, "మీద నుంచి పోతారా?" అని అడుగుతాడు.

కబురు చేరడంలో ఆలస్యం ఒక హద్దు దాటితే గుంపు ఒక్క మాట మీదికి రాలేక ఊగిసలాడుతుందని ఓల్ఫాతీ సాబెర్, ముర్రే అనే పరిశోధకులు 2004లో లెక్క కట్టి చూపారు. పాపం, వాళ్ల బెంగంతా ఆలస్యం గురించే. మా ఊళ్లో ఎర్రదీపం పక్కన ఇంకా ఐదు అంకె ఉండగానే వెనక నుంచి హారన్లు మొదలవుతాయి. కారణం కంటే కార్యం ముందు పుట్టే చోటు లోకంలో ఇదొక్కటే కావచ్చు. తర్కశాస్త్ర పండితులు ఒకసారి వచ్చి చూసి పోవాలి.

నాయకుడు అనుచరుల వంక చూడనక్కర్లేదు, కొందరికి అతను కనిపిస్తే చాలు, మిగతావాళ్లకు సంగతి దానంతటదే పాకుతుంది అనేది ఇంకో సిద్ధాంతం. దీని రుజువు మొన్న బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద కళ్లారా చూశాను. చంకలో గోంగూర కట్టలతో ఒక మామ్మ రోడ్డు మీదికి దిగింది. కుడి చెయ్యి అభయహస్తంలా ఎత్తింది. కుడివైపు చూడలేదు, ఎడమవైపు చూడలేదు. ఇసుక లారీ ఆమెను చూసి ఆగింది. లారీని చూసి బస్సు, బస్సును చూసి ఆటోలు, ఆటోల మధ్య ఇరుక్కుని మోటారు సైకిళ్లు ఆగాయి. ఎక్కడా పోలీసు లేడు, కంప్యూటర్ లేదు.

మామ్మ అవతలికి చేరి చెయ్యి దించింది. అందరూ కదిలారు, మా ఆటో తప్ప. ఇంకా ఇద్దరు ఎక్కాలట.