యంత్రపు తెలుగే ప్రామాణికం: ఒక విన్నపం

కృత్రిమ మేధ రాసే తెలుగు తెలుగులా లేదని ఈమధ్య చాలామంది ముక్కు విరుస్తున్నారు. ఈ అపవాదు నిరాధారమని సవినయంగా మనవి చేస్తున్నాను. యంత్రం సొంతంగా భాషను పుట్టించదు. తన ముందు పోసిన రాతను చదివి, ఏ ముక్క తరువాత ఏ ముక్క రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కగట్టి, ఆ ప్రకారం పేర్చుకుంటూ పోతుంది. 1913లో రష్యన్ గణితవేత్త మార్కోవ్ పుష్కిన్ కావ్యంలోంచి 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చు తరువాత హల్లు ఎన్నిసార్లు వస్తోందో చేత్తో లెక్కపెట్టాడు. నేటి యంత్రాలది ఆ వంశమే. కాబట్టి రుచి బాగాలేదనేవారు తిన్నవాణ్ణి కాక వడ్డించిన విస్తరిని పరీక్షించాలి. ఆ విస్తరి వేసింది మనమే.

పూర్వం ఈ వడ్డనకు ఒక పంక్తి మర్యాద ఉండేది. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంవారు 1961లో అచ్చయిన ఇంగ్లీషు రచనల నుంచి, సుమారు రెండేసి వేల మాటల చొప్పున 500 భాగాలు ఏరి, వార్తలు ఎంత, కథలు ఎంత, మతవిషయాలు ఎంత అని పాళ్లు కట్టి, పది లక్షల మాటల కార్పస్‌ను, అంటే భాషను పరిశీలించడానికి పోగుచేసిన రాతల రాశిని, కూర్చారు. నేటి యంత్రాల ఆకలికి పది లక్షలు ఔపోశనానికైనా చాలవు గనుక ఏరడం మాని ఊడ్చడం మొదలుపెట్టారు. చీపురుకు ఏది అందితే అదే తెలుగు.

2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైనే. ఇంతమంది కలిసి చీపురుకు ఏమి అందించారో చూద్దాం. కొన్ని దశాబ్దాల పత్రికలూ పుస్తకాలూ, ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీదే తెలుగు అక్షరాల బొమ్మలు అతికించిన 'అను' ఫాంట్లలో డీటీపీ అయ్యాయి. వాటిని తెరిస్తే యంత్రానికి కనిపించేది తెలుగు కాదు, ఇంగ్లీషు గుర్తులతో పెట్టిన పొలికేక. అంతకు ముందరి పుస్తకాలను స్కాను చేసి భద్రంగా దాచాం గానీ, బొమ్మలోంచి అక్షరాలు పట్టే సాధనానికి 'వ'కారం, 'ప'కారం ఒక్కలాగే కనిపించిన రోజున, జంతికల పిండిలో చెంచాడు పాము వేయవలెనని యంత్రం నేర్చుకుంటే దాని తప్పేమీ లేదు. ఇక అలకలు, అప్పులు, పెళ్లిచూపుల కబుర్లు, మేనమామ మీద ఫిర్యాదులు, అంటే తెలుగు నిజంగా బతికే చోటంతా, ఇంగ్లీషు లిపిలో ఫోనుల్లో గడిచిపోతోంది. మిగిలినది నోటితో గాలిలో కలుస్తోంది.

మిగిలిన రాతలో నాకు అత్యంత ప్రీతిపాత్రమైనవి తెలుగు వికీపీడియాలోని గ్రామాల పుటలు. వేల ఊళ్లకు ఒక్కొక్క పుట చొప్పున, జనగణన వివరాలను ఒకే మూసలో పోసి, పేర్లూ అంకెలూ మాత్రం మార్చి స్వచ్ఛంద కార్యకర్తలు నిలబెట్టిన పని అది. తన ఊరి పేరు వెతుక్కునేవాడికి గొప్ప ఉపకారం. ఈ ఒక్క వాక్యంలో వ్యంగ్యం లేదు. కానీ అన్ని వేలసార్లు అదే వరుస చదివిన యంత్రం ఏమనుకోవాలి? ఊరంటే ఇన్ని ఇళ్లు, ఇంత జనాభా, ఇన్ని హెక్టార్లు, సమీప పట్టణం ఇన్ని కిలోమీటర్లు, మురుగునీరు పోయే దారి ఫలానా అనుకోవాలి. అమ్మమ్మగారి ఊరి మీద వ్యాసం అడిగితే మామిడితోపునూ పెరటి నూతినీ వదిలి అది సాగునీటి సౌకర్యంతో మొదలుపెడితే, మనం వేసవి సెలవుల్లో చూడవలసినది చూడలేదని గ్రహించి సిగ్గుపడాలి.

తరువాతి గురువులు అంతర్జాల వార్తలు. అక్కడ ఏ సంఘటనా ఊరికే జరగదు. నెట్టింట చక్కర్లు కొడుతుంది, నెటిజన్లు ఫిదా అవుతారు, అసలేం జరిగిందంటే అని ఊరించి, వివరాల్లోకి వెళితే వివరాలు ఉండవు. రాశిఫలాల సంగతి చెప్పనక్కరలేదు. వాహన ప్రయాణాల్లో జాగ్రత్త ఎంత అవసరమో యంత్రానికి తెలిసినంతగా మన ఆర్టీసీ డ్రైవర్లకైనా తెలియదు.

ఇలా నేర్చిన యంత్రం రాసినదంతా మళ్లీ అంతర్జాలంలోకే చేరి, రాబోయే యంత్రానికి పాఠమవుతోంది. తరం తరువాత తరం ఇలా తమ రాతనే తాము చదువుకుంటే అరుదైనవి ముందుగా రాలిపోతాయని 2024లో నేచర్ పత్రికలో పరిశోధకులు చూపించారు. ఇందులో దిగులు పడవలసినది నాకు కనిపించలేదు. ఉట్టి, కవ్వం, గిలక వంటి మాటలు ఎటూ అటక ఎక్కాయి. ఇప్పుడు అటక కూడా పోతుంది, ఇల్లు విశాలమవుతుంది.

కనుక నా ప్రతిపాదన ఇది. యంత్రానికి మన తెలుగు నేర్పాలంటే కోట్లు కావాలి, మనం యంత్రపు తెలుగు నేర్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. రాత పలుకుకు దగ్గర కావాలని గిడుగు రామమూర్తిగారు పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న ఏటా భాషాదినోత్సవం జరిపి దండ వేద్దాం, తక్కిన 364 రోజులూ పలుకును రాతకు దగ్గర చేద్దాం.

ఆచరణ నాతోనే మొదలుకావాలని మొన్న మా అమ్మకు ఫోను చేసి, కుటుంబ ఆరోగ్యంలో నడక కీలక పాత్ర పోషిస్తుందనీ, ఈ వారం ఆర్థిక పరిస్థితి మెరుగుపడుతుందనీ, మా ఊరు మండల కేంద్రానికి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నదీ క్రమంగా వివరించాను. ఆవిడ అంతా విని, "ఏవిట్రా ఆ మాటలు? పొద్దుణ్ణించీ ఏవన్నా తిన్నావా లేదా?" అంది. ఆ వాక్యంలో విస్తీర్ణం గానీ, నీటిపారుదల వివరాలు గానీ లేనందున దాన్ని పరిగణనలోకి తీసుకోలేదు.