ఓటీఏకి (ఆర్మీ ఆఫీసర్లకు శిక్షణ ఇచ్చే చెన్నై అకాడమీకి) వెళ్లే పిల్లలూ, ముందు మీ కాళ్ల సంగతి చూసుకోండి

ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూలో రికమెండ్ అయి, మెడికల్ దాటి, మెరిట్ లిస్టులో పేరు కనబడగానే మన దగ్గర సన్మానాలు మొదలవుతాయి. ఫ్లెక్సీలు, శాలువాలు, చుట్టాలిళ్లలో భోజనాలు. చేరడానికి మిగిలిన ఆ కొద్ది వారాలూ అలా కరిగిపోతాయి. ఐదు రోజుల ఇంటర్వ్యూకి నెలల తరబడి కోచింగ్ ఇచ్చినవాళ్లే, 49 వారాల చెన్నై శిక్షణ దగ్గరికి వచ్చేసరికి "మెంటల్‌గా స్ట్రాంగ్‌గా ఉండు" అని చేతులు దులుపుకుంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మనసు గట్టిగానే ఉంటుంది. మొదట మొరాయించేది మోకాలి కింది ఎముక. తెల్లారకముందే పీటీ, ఆపైన సిమెంటు నేల మీద డ్రిల్, క్లాసు నుంచి క్లాసుకి పరుగు, ఎవడో ఒకడు ఆలస్యమైతే స్క్వాడ్ మొత్తానికీ రగ్డా, అంటే ఒళ్లు హూనమయ్యే శిక్ష. కండ కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది, ఎముక గట్టిపడటానికి నెలలు కావాలి. ఆ తేడా దగ్గరే స్ట్రెస్ ఫ్రాక్చర్లు, అంటే పదేపదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నటి పగుళ్లు, వస్తాయి. ముంగాలి అంచు పొడుగునా సలుపుతుంటే చాలావరకు షిన్ స్ప్లింట్స్, అంటే ఎముక ఇంకా పగలని నొప్పి. వేలు పెట్టి చూపించగలిగేంత చోట నొప్పి ఉండి, రాత్రి పడుకున్నా తగ్గకపోతే ఆ రోజే ఎంఐ రూమ్‌కి, అంటే అకాడమీలోని వైద్య గదికి, వెళ్లాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో పగులు కనబడకపోవచ్చు. రిపోర్టు బాగుందని మళ్లీ పరుగెత్తితే చిన్న పగులు పెద్దదవుతుంది. రెలిగేషన్ (కింది కోర్సుకి దించేయడం) భయంతో నొప్పి దాచినవాళ్లే చివరికి ఎక్కువ రోజులు శిక్షణకు దూరమై, నిజంగానే వెనకబడి జూనియర్ కోర్సులో కలుస్తారు.

మగపిల్లలు చేరేనాటికి 2.4 కి.మీ. 10 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తాలనీ, 40 పుషప్స్, 6 పులప్స్, 30 సిటప్స్ తీయాలనీ నోటిఫికేషన్లలోనే రాస్తున్నారు. జిమ్‌లో ఛాతీ పెంచితే ఇది రాదు. వారానికి నాలుగు రోజులు మట్టి నేల మీద పరుగెత్తండి, దూరం కొద్దికొద్దిగా పెంచండి. చీలమండ పైదాకా వచ్చే బూట్లు ఒక జత కొని రోజూ గంట నడవండి. లోపల పల్చటి నైలాన్ సాక్సు, పైన ఊలుది. బొబ్బ లేస్తే తోలు పీకొద్దు, కింద పచ్చిమాంసం బూటుకి రాసుకుంటుంది.

హిందీ రానివాళ్లకి డ్రిల్ ఇంకో కష్టం. "దాహినే ముడ్" (కుడివైపు తిరుగు) అనగానే కుడి మడమ, ఎడమ మునివేళ్ల మీద తిరగాలి. మనసులో తెలుగు చేసుకునేలోగా పక్కవాడు తిరిగేసి ఉంటాడు, డ్రిల్ నేర్పే ఉస్తాద్ కళ్లు మీ మీదే ఉంటాయి. సావధాన్, విశ్రామ్, బాయే ముడ్, పీఛే ముడ్, తేజ్ చల్, థమ్: ఇంట్లోనే ఎవరితోనైనా అరిపించుకుని, నిమిషానికి 120 అడుగుల లెక్కన సాధన చేయండి.

ఏప్రిల్‌లో చేరేవాళ్లకి చెన్నై ఉక్క వేరే పరీక్ష. దాహం వేసేదాకా ఆగకండి, అన్నంలో ఉప్పు తగ్గించకండి. పరుగులో పక్కవాడు తూలుతూ పొంతన లేకుండా మాట్లాడితే, చెమట పడుతోంది కదా అని ధీమాగా ఉండొద్దు. అది వడదెబ్బే కావచ్చు. కేకేసి ఆపండి, నీడకి చేర్చి ఒళ్లంతా నీళ్లు పోయండి, డాక్టర్ని పిలిపించండి.

అమ్మానాన్నలకి ఒక్క మాట. వాడు ఫోన్లో కాలు నొప్పంటే "ఓర్చుకో నాన్నా" అనకండి. ఎంఐ రూమ్‌లో చూపించావా, డాక్టరు ఏమన్నాడు, ఎన్నాళ్లు పరుగెత్తొద్దన్నాడు అని అడగండి.