పిరికిమందు

గుంటూరులో ఇంటికి కొత్త మనిషి వస్తే పసివాడు అమ్మ కొంగు వెనక దాక్కుంటాడు. "వాడికి కొత్తండీ" అంటుంది నాయనమ్మ. అంతటితో సరి. కాసేపటికి వాడే వచ్చి ఆ మనిషి ఒళ్ళో ఎక్కుతాడు. అదే పిల్లాడు ఇక్కడ, ఊరు కాని ఊళ్ళో, బడిలో చేరి వారం రోజులు నోరు విప్పకపోతే, మనం "మావాడు ఒట్టి పిరికి" అని ముద్ర కొట్టేసి కాన్ఫిడెన్స్ క్లాసులు వెతుకుతాం.

పిరికి చిన్న మాట కాదు, తిట్టు. వాడిది బెరుకు. కొత్తదనంతో వస్తుంది, కొత్త వదలగానే పోతుంది. మొహమాటానికైతే అసలు భయంతో పనే లేదు. బెజవాడ బీసెంటు రోడ్డులో కొట్టతను బోలెడు చీరలు పరిచాక నచ్చకపోయినా ఒకటి కొనుక్కొచ్చే మా వదిన, ఆటో అతను పది రూపాయలు ఎక్కువ అడిగితే బెంజి సర్కిల్ దద్దరిల్లేలా నిలదీస్తుంది. (మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది గానీ, పిల్లలు చదివే పత్రికలో అచ్చెయ్యలేం.)

జంకు వేరు. 1921లో చీరాల-పేరాల జనం, అప్పట్లో అది గుంటూరు జిల్లాయే, మున్సిపాలిటీ పన్నులు కట్టేది లేదని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి ఊరి బయట పాకల్లోకి మారారు. నెలల తరబడి అక్కడే ఉన్నారు. సొంతింటికి తాళం పెట్టి పిల్లల్ని చంకనేసుకుని బయల్దేరినప్పుడు ఎంతమందికి కాళ్ళు తడబడి ఉంటాయో! జంకు లేక కాదు, జంకుతూనే నడిచారనుకుంటాను.

ఉత్తరకుమారుణ్ణి తరతరాలుగా ఎగతాళి చేస్తున్నాం గానీ, కథను సగంలోనే ఆపేస్తున్నాం. అంతఃపురంలో కోతలు కోసిన కుర్రాడు కౌరవసేనను చూడగానే రథం దూకి పరుగెత్తాడు, నిజమే. బృహన్నల వెంటపడి పట్టుకొచ్చింది. పిరికిపందవని ఇంటికి పంపెయ్యలేదు, యుద్ధం చేసి తీరాలని మెడ మీద కూర్చోనూ లేదు. చేతికి పగ్గాలిచ్చింది. కాసేపటి క్రితం పారిపోయినవాడే అర్జునుడి రథాన్ని భీష్మద్రోణుల ఎదుటికి తోలాడు. మనం మాత్రం పిల్లల చెవిలో "నువ్వు పిరికి" అని రోజూ పిరికిమందు నూరిపోసి, ధైర్యం ఎందుకు రావట్లేదా అని డబ్బు కట్టి మరీ ఆరా తీస్తున్నాం.

ఈసారి ఉగాదికి మన సాంస్కృతిక కమిటీని ఒకటి కోరుతున్నాను. పద్యం చెప్పనని మొరాయించే పిల్లను వేదిక మీదికి నెట్టకండి. తెర లాగే తాడు చేతికివ్వండి, లేదా పాడేవాళ్ళకు మైకు అందించమనండి. వచ్చే ఏటి సంగతి ఆ పిల్లే చూసుకుంటుంది. తల్లిదండ్రులు ఫోన్లు ఎత్తిపట్టుకుని ముందుకు తోసుకురాకుండా ఆపే పని నాకు వదిలేయండి. అక్కడ మాత్రం నాకు మొహమాటం లేదు.